తెలుగు ‘ఓ’కి ఇంగ్లీషులో జోడీ: ఎంబెడెడ్ ప్రశ్నల మీద ఒక కేస్ స్టడీ

ఇంగ్లీషు సరిచేసుకోవడానికి నా దగ్గరికి వచ్చేనాటికే ఆమెకు రూల్ వచ్చు. ఈ కేసులో ముందుగా చెప్పాల్సింది అదే. ‘ఎంబెడెడ్ క్వశ్చన్‌లో, అంటే ఇంకో వాక్యంలో ఇమిడిపోయిన ప్రశ్నలో, సబ్జెక్ట్ ముందు, వెర్బ్ తర్వాత. స్కూల్లోనే చెప్పారు మేడమ్’ అని తడుముకోకుండా చెప్పింది. చెప్పిన రెండు నిమిషాలకే బ్యాగు సర్దుకుంటూ, ‘కెన్ యు టెల్ మి వెన్ ఈజ్ ద నెక్స్ట్ క్లాస్?’ అని అడిగింది. ఆ రూల్ ప్రకారం ‘వెన్ ద నెక్స్ట్ క్లాస్ ఈజ్’ అనాలి.

ఆమెకు ముప్పై దాటాయి. అకౌంట్స్ పని. చదువు ఎక్కువగా తెలుగులోనే సాగింది. ఇప్పుడు రోజూ క్లయింట్లతో ఫోన్లు, పైవాళ్లకు మెయిళ్లు, అన్నీ ఇంగ్లీషులోనే. మాటలకు వెతుక్కోదు, భయం కూడా లేదు. వచ్చిన ఇబ్బందల్లా ఒక్కటే: ‘నేను ఏదైనా అడిగితే ఎదుటివాళ్లు ఒక్క క్షణం ఆగి, నేను అడిగిందాన్నే మార్చి మళ్లీ నాకే చెప్తారు. అర్థమవుతుంది, కానీ ఏదో తేడాగా ఉందని నాకే తెలుస్తోంది.’

నేను పరీక్ష పెట్టలేదు. ఆమె ఒప్పుకున్నాక ఇరవై నిమిషాలు మాట్లాడించి రికార్డు చేసుకున్నాను. ఆ వారం ఆఫీసులో రాసిన మెయిళ్లలో నాకు చూపించగలిగినవి తెమ్మన్నాను. రెండూ కలిపి చూస్తే నాలుగు రకాల తప్పులు పదేపదే కనిపించాయి. ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ ద ఫైల్’ అనేది ఒకటి. ‘హి ఆస్క్డ్ మి దట్ వెన్ విల్ యు కమ్’ రెండోది. ‘ఐ డోంట్ నో హి విల్ కమ్ ఆర్ నాట్’ మూడోది. ‘డు యు థింక్ వేర్ ఈజ్ ద మిస్టేక్?’ నాలుగోది. ఇంకో రకం కూడా ఉంది కానీ ఆ రోజు నా కంట పడలేదు. అది చేసిన గొడవ తర్వాత చెప్తాను.

నౌన్ క్లాజ్ అంటే ఏమిటో ఆమెకు చెప్పినట్టే ఇక్కడా చెప్పేస్తాను. ఒక నౌన్ కూర్చునే కుర్చీలో ఒక పూర్తి వాక్యం వచ్చి కూర్చుంటే అది నౌన్ క్లాజ్. ‘ఐ నో ద ఆన్సర్’లో ‘ద ఆన్సర్’ను లేపి, ఆ చోట ‘దట్ హి ఈజ్ రైట్’ను కూర్చోబెట్టొచ్చు, ‘వేర్ హి లివ్స్’నూ కూర్చోబెట్టొచ్చు. అనుమానం వస్తే ఆ ముక్క మొత్తం తీసేసి ‘ఇట్’ అనో ‘సమ్‌థింగ్’ అనో పెట్టి చూడాలి. వాక్యం నిలబడితే అది నౌన్ క్లాజే. ఈ కుర్చీ ఆబ్జెక్ట్ చోట ఉండొచ్చు, సబ్జెక్ట్ చోట ఉండొచ్చు, ‘ఈజ్’ తర్వాత ఉండొచ్చు, ‘అబౌట్’ లాంటి ప్రిపొజిషన్ తర్వాతా ఉండొచ్చు. అందులో కూర్చున్నది ప్రశ్నలోంచి పుట్టిన క్లాజ్ అయితే దాన్నే ఎంబెడెడ్ క్వశ్చన్ అంటారు. ఆమెకు చిక్కంతా ఈ రకంతోనే.

మొదటి రెండు వారాలు వృథా చేసింది నేనే

అందరూ చేసేదే నేనూ చేశాను. ఒక వర్క్‌షీట్ ఇచ్చాను. ఎడమవైపు ‘వేర్ ఈజ్ హి?’, కుడివైపు ‘ఐ డోంట్ నో’ అని రాసి ఖాళీ గీత. ‘వేర్ డస్ షి వర్క్?’, దాని పక్కన ‘కెన్ యు టెల్ మి’, మళ్లీ ఖాళీ గీత. ఆమె అన్నీ సరిగ్గా నింపింది. ‘డస్’ తీసేయాలని, ‘వర్క్’కి ‘ఎస్’ చేర్చాలని కూడా మర్చిపోలేదు. రెండు వారాలయ్యాక ఇంకోసారి మాట్లాడించి రికార్డు చేశాను. మాటలో ఏ మార్పూ లేదు.

ఆ రికార్డింగ్ రెండుసార్లు విన్నాక నా వర్క్‌షీట్ మీదే అనుమానం వచ్చింది. ప్రతి లైనులోనూ ఆమె కళ్లకు ముందు కనిపించేది తిరగేసిన ప్రశ్నే. ‘వేర్ ఈజ్ హి’ని నేనే ఆమె నోట్లో పెట్టి, తర్వాత దాన్ని సరిచేయమంటున్నాను. కాగితం మీద సరిచేసుకునే టైం ఉంటుంది. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఆ టైం ఉండదు కాబట్టి మొదట తయారైనదే బయటికొస్తుంది. వద్దనుకున్న రూపాన్నే రోజుకు నలభైసార్లు ప్రాక్టీస్ చేయించానన్నమాట.

ఎక్కడుందో

దారి చూపించింది ఆమె విసుగే. ఒకరోజు వరుసగా మూడుసార్లు ‘వేర్ ఈజ్ ద ఫైల్’ దగ్గరే తప్పాక పెన్ను కింద పెట్టేసి, ‘ఆ ఫైల్ ఎక్కడుందో నాకేం తెలుసు మేడమ్!’ అంది.

‘ఎక్కడుందో అన్నారు. ఎక్కడుంది అని ఎందుకనలేదు?’ అని అడిగాను.

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. ‘ఎక్కడుంది నాకేం తెలుసు అంటే... అది రెండు ముక్కలైపోతుంది కదా. ముందొక ప్రశ్న, తర్వాత ఇంకోటి. అతకదు.’

ఇంగ్లీషు విన్నప్పుడు ఎదుటివాళ్లకు అనిపిస్తున్నది సరిగ్గా అదే. ‘ఎక్కడుంది’ అంటే నిజంగా అడుగుతున్న ప్రశ్న. ‘ఎక్కడుందో’ అనగానే ఆ ప్రశ్న ఒక వస్తువులా మారిపోతుంది. దాన్ని తెలుసుకోవచ్చు, మర్చిపోవచ్చు, చెప్పొచ్చు, వెతకొచ్చు. ఇంత పనీ చేసేది చివర చేరే ఆ చిన్న ‘ఓ’. ఎవరు వచ్చారో చూడు, ఎంత అవుతుందో చెప్పండి, ఎందుకన్నాడో అర్థం కాలేదు. పుట్టినప్పటి నుంచి మనం ఒక్కసారి కూడా తప్పకుండా వాడుతున్న వ్యాకరణం ఇది. ఇంగ్లీషులో ఇలా తగిలించుకోవడానికి ‘ఓ’ లేదు. ‘ఇది ఇప్పుడు ప్రశ్న కాదు, వాక్యంలో ఒక భాగం’ అని చెప్పడానికి అక్కడున్నది మాటల వరుస ఒక్కటే. ‘వేర్ ఈజ్ ద ఫైల్’ అంటే ఎక్కడుంది. ‘వేర్ ద ఫైల్ ఈజ్’ అంటే ఎక్కడుందో.

ఆమె దీన్ని రాసుకోలేదు. రెండింటినీ పైకి అని చూసుకుంది. అదే వారం నుంచి రూల్ అనే మాట క్లాసులో ఎత్తడం మానేశాను. తప్పినప్పుడల్లా నేను అడిగేది ఒక్కటే: ‘ఉందా, ఉందోనా?’

అర్థమైనంత మాత్రాన నోరు తిరగదు. దానికి డ్రిల్ మార్చాను. ఈసారి ప్రశ్న నుంచి కాకుండా జవాబు నుంచి మొదలుపెట్టాం. ‘షి వర్క్స్ ఇన్ ద మార్కెటింగ్ టీమ్’ అని కాగితం మీద రాస్తాను. ‘ఇన్ ద మార్కెటింగ్ టీమ్’ మీద వేలు పెట్టి మూసేస్తుంది. మూసిన ముక్కకు బదులు ‘వేర్’ తెచ్చి మొదట్లో పెడుతుంది: ‘వేర్ షి వర్క్స్.’ ముందు ‘ఐ డోంట్ నో’ తగిలిస్తుంది. అయిపోయింది. అసలు ప్రశ్నే తయారు కాలేదు కాబట్టి ‘డస్’ పుట్టలేదు, తీసేయాల్సిన పనీ రాలేదు. ‘హి లెఫ్ట్ ఎట్ ఫైవ్’లో ‘ఎట్ ఫైవ్’ మూస్తే ‘వెన్ హి లెఫ్ట్’. ‘డిడ్’తో అసలు పనే పడలేదు.

ఈ వేలి పద్ధతి ఇంకో మేలు కూడా చేసింది. అది ముందే ఊహించి చేశానని చెప్పుకోలేను. ‘ఓ’ పాఠం తలకెక్కాక ఆమె మెయిల్‌లో ‘ప్లీజ్ చెక్ వాట్ రాంగ్ ఈజ్’ అని రాసింది. వెర్బ్ చివరికి వెళ్తుందని నేను ఎప్పుడో నోరు జారి చెప్పినదాన్ని నమ్మింది. నిజానికి ఇక్కడ ‘వాట్’ అనేదే సబ్జెక్ట్. ‘సమ్‌థింగ్ ఈజ్ రాంగ్’లో ‘సమ్‌థింగ్’ను వేలితో మూసి ‘వాట్’ పెడితే ‘వాట్ ఈజ్ రాంగ్’. కదలడానికి ఏమీ లేదు. ‘సమ్‌వన్ కాల్డ్’ నుంచి ‘హు కాల్డ్’ కూడా అంతే. ‘టెల్ మి వాట్ హాపెన్డ్’ను మనవాళ్లెవరూ తప్పుగా అనకపోవడానికి కారణం కూడా ఇదే. అక్కడ నేరుగా అడిగే ప్రశ్నకూ ఎంబెడెడ్ ప్రశ్నకూ తేడా ఉండదు.

వస్తాడో రాడో

ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు లాంటి మాటే లేని ప్రశ్నల సంగతి వేరు. ‘వస్తాడో రాడో తెలియదు’ అనడానికి ఆమె ‘ఐ డోంట్ నో హి విల్ కమ్ ఆర్ నాట్’ అంటోంది. తెలుగులో రెండు ‘ఓ’లు ఉన్నాయి, ఇంగ్లీషులో ఆమె పెట్టింది ఒక్కటీ లేదు. ఆ రెండు ‘ఓ’ల బదులు అక్కడ ముందే ‘వెదర్’ రావాలి: ‘ఐ డోంట్ నో వెదర్ హి విల్ కమ్.’ చివర ‘ఆర్ నాట్’ పెట్టినా మానినా ఫరవాలేదు.

‘ఇఫ్’ పెట్టకూడదా అని అడిగింది. మాటల్లో పెట్టొచ్చు, అందరూ పెడతారు. కానీ ప్రిపొజిషన్ తర్వాత ‘వెదర్’ మాత్రమే నిలుస్తుంది: ‘ఇట్ డిపెండ్స్ ఆన్ వెదర్ దే పే.’ ‘టు’ ముందు కూడా అంతే: ‘వెదర్ టు గో.’ వాక్యం మొదట్లో సబ్జెక్ట్‌గా వచ్చినా ‘వెదర్’దే చోటు. వీటన్నిటికంటే ఆమె పనికి ఎక్కువ ఉపయోగపడిన విషయం ఇంకోటుంది. ‘లెట్ మి నో ఇఫ్ యు నీడ్ ద ఫైల్’కి రెండు అర్థాలున్నాయి. ‘కావాలంటే చెప్పండి’ ఒకటి, ‘కావాలో వద్దో చెప్పండి’ ఇంకోటి. మొదటిదైతే అవతలివాళ్లు అక్కర్లేనప్పుడు జవాబివ్వకుండా ఊరుకోవచ్చు. రెండోదైతే ఎటూ జవాబివ్వాలి. ఆమె రెండోది ఉద్దేశించి మెయిల్ పెట్టి, జవాబు రాలేదని రోజంతా టెన్షన్ పడ్డ సందర్భాలున్నాయట. ఇప్పుడు జవాబు తప్పనిసరైన చోటల్లా ‘వెదర్’ రాస్తోంది.

అని

ఇక మొదటి రోజు నా కంట పడని రకం. ఐదో వారంలో కాస్త కంగారుగా వచ్చింది. క్లయింట్ ఫోన్ చేసి, కాగితాలు రేపు పంపుతానన్నాడు. ఆమె పై ఆవిడకు మెయిల్ పెట్టింది: ‘ద క్లయింట్ సెడ్ దట్ ఐ విల్ సెండ్ ద పేపర్స్ టుమారో.’ మర్నాడు సాయంత్రం, ‘కాగితాలు పంపుతానన్నావు, ఎక్కడ?’ అని పై ఆవిడ నిలదీసింది.

ఆ వాక్యం చూడగానే నా తల దిమ్మెక్కింది. మొదటి వారం మెయిళ్లలో ఇలాంటివి రెండున్నాయి. అప్పుడు నేను వాటిని సరైన వాక్యాలుగా దాటేశాను, ఎందుకంటే వాటి గ్రామర్‌లో తప్పు లేదు. తప్పంతా అర్థంలో ఉంది. ‘రేపు పంపుతానని చెప్పాడు’ అంటాం తెలుగులో. పంపేది అతనే, అయినా ‘పంపుతాను’ అంటాం. ‘అని’ ముందుండేది అతని నోటి మాట కాబట్టి అందులోని ‘ను’ అతన్నే సూచిస్తుంది. తెలుగు చెవికి ఇందులో ఏ గందరగోళమూ లేదు. ఇంగ్లీషు ‘దట్’ అలా కాదు. కోట్ గుర్తులు లేకుండా ‘దట్’ తర్వాత ‘ఐ’ అంటే, అది చెబుతున్న మనిషే. క్లయింట్ కాదు. ‘హి సెడ్ దట్ హి వుడ్ సెండ్ ద పేపర్స్’ అనాలి.

అప్పుడు నా ప్లాన్ తిరగేశాను. వరుస తప్పితే ఎదుటివాళ్లు ఒక్క క్షణం ఆగుతారు, అర్థం మాత్రం చేసుకుంటారు. ‘ఐ’ తప్పితే పని ఒకరి నెత్తి నుంచి ఇంకొకరి నెత్తికి మారిపోతుంది. ముందు సరిచేయాల్సింది రెండోదే. మొదట్నుంచీ నేను చెవికి గట్టిగా తగిలే తప్పు వెంట పడ్డాను, చడీచప్పుడు లేకుండా నష్టం చేసేదాన్ని వదిలేశాను.

రెండు వారాలు ‘అని’ మీదే కూర్చున్నాం. మొదటి రోజు చూసిన నాలుగింటిలో రెండో రకం తప్పు సంగతి కూడా దాంట్లోనే తేలిపోయింది. ‘ఎప్పుడొస్తావని అడిగాడు’ అనే మామూలు మాటను ఆమె ‘హి ఆస్క్డ్ మి దట్ వెన్ విల్ యు కమ్’ చేస్తోంది. ఒక్కో ముక్కా విడదీసి చూస్తే పాపం ఏదీ వదల్లేదు: ‘అని’కి ‘దట్’, ‘ఎప్పుడు’కి ‘వెన్’, ‘వస్తావు’కి ‘విల్ యు కమ్’. చిక్కెక్కడంటే, తెలుగు ‘అని’ ప్రశ్ననైనా, ఆజ్ఞనైనా, చప్పుడునైనా ఉన్నదున్నట్టు మోసుకొస్తుంది. ఇంగ్లీషు ‘దట్’ స్టేట్‌మెంట్లను మాత్రమే మోస్తుంది. ‘వెన్’, ‘వేర్’, ‘వై’ వచ్చాయంటే బండి ఎక్కించే పని అవే చేసుకుంటాయి, ‘దట్’కి చోటు లేదు. కాబట్టి ‘హి ఆస్క్డ్ మి వెన్ ఐ వుడ్ కమ్.’ ‘దట్’ పోయింది, ‘యు’ కాస్తా ‘ఐ’ అయింది, ‘విల్’ ‘వుడ్’ అయింది, వరుస మారింది. ఒక్క వాక్యంలో నాలుగు మార్పులు ఒకేసారి చేయమంటే ఎవరికైనా కష్టమే. నేను ఒక్కో వారం ఒక్కోటే లెక్కపెట్టాను. ‘విల్’, ‘వుడ్’ సంగతి చివరికి వదిలేశాను. చెప్పిన విషయం ఇంకా జరగాల్సిందే అయితే ‘విల్’ ఉంచినా ఎవరూ తప్పుపట్టరు.

ఇక్కడ ఒక పక్కమాట. ‘హి ఆస్క్డ్ మి వెన్ వుడ్ ఐ కమ్’ అనే తిరగేసిన వరుస మనవాళ్ల సొత్తు మాత్రమే కాదు. ఐర్లండ్ ఇంగ్లీషులో ఇంగ్లీషే మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా ఇలా మామూలుగా అంటారు. ఆమెకు ఈ సంగతి చెప్పాను. మీరు అనేది మనిషి అనకూడని మాటేమీ కాదు, కానీ మీరు మెయిల్ పెట్టేవాళ్లు ఆశించే వరుస అది కాదు, అంతే. నిజానికి ‘డు’ తగిలించి ప్రశ్న కట్టే ఈ పద్ధతి ఇంగ్లీషులో 16, 17 శతాబ్దాల్లో స్థిరపడుతూ వచ్చినదే. అంతకుముందు ‘వాట్ సే యు’ అని వెర్బ్‌నే ముందుకు లాగేవాళ్లు. తప్పు అనే మాటకు బదులు అలవాటు అనే మాట వాడాక ఆమె భుజాలు కొంచెం సడలాయి.

ఉందో, ఉందనుకుంటున్నారో

నాలుగో రకం నాకు బాగా ఇష్టమైనది. ‘డు యు థింక్ వేర్ ఈజ్ ద మిస్టేక్?’ వరుస సరిచేయగానే ఆమె ‘డు యు థింక్ వేర్ ద మిస్టేక్ ఈజ్?’ అంది. ఇదీ కుదరదు. ‘డు యు నో వేర్ ద మిస్టేక్ ఈజ్?’ మాత్రం చక్కగా ఉంటుంది. ‘నో’కి ఒక న్యాయం, ‘థింక్’కి ఒక న్యాయమా అని గట్టిగానే అడిగింది.

నేను జవాబు ఇంగ్లీషులో వెతకలేదు. ‘ఈ రెండూ తెలుగులో చెప్పండి’ అన్నాను. ‘తప్పు ఎక్కడుందో తెలుసా?’ అంది. రెండోది, ‘తప్పు ఎక్కడుందనుకుంటున్నారు?’ చెప్పగానే తనే ఆగిపోయింది. మొదటిదానిలో ‘ఓ’ ఉంది, రెండోదానిలో లేదు. మొదటి ప్రశ్నకు ‘తెలుసు’ లేదా ‘తెలియదు’ అనాలి. రెండోదానికి అవుననో కాదనో అంటే చెల్లదు, చోటు చెప్పాలి. చోటు అడుగుతున్నప్పుడు ఇంగ్లీషులో ‘వేర్’ వాక్యం మొదటికే రావాలి: ‘వేర్ డు యు థింక్ ద మిస్టేక్ ఈజ్?’ తిరగబడేది బయటి ‘డు యు థింక్’ మాత్రమే. లోపలి క్లాజ్ మామూలు వరుసలోనే ఉంటుంది. తెలుగులో ‘ఓ’ పలికితే ప్రశ్న మాట లోపలే ఉంటుంది, ‘అనుకుంటున్నారు’ పలికితే గడప దాటి ముందుకొస్తుంది. నేనిన్నేళ్లుగా ఈ తేడాను చార్టులు గీసి చెబుతూ వచ్చాను. ఆమె దాన్ని పది నిమిషాల్లో పట్టుకుంది.

మిగతావి పెద్దగా శ్రమ పెట్టలేదు. ‘వాట్ టు డు’, ‘హౌ టు సెండ్’ లాంటివి ముందే బాగా వచ్చు. చెప్పాలంటే వరుస తప్పుతుందేమోనని భయమేసినప్పుడల్లా వాటి వెనక దాక్కునేది. ‘ఐ వండర్ వై హి లెఫ్ట్’ చివర ప్రశ్న గుర్తు ఉండదని, ‘డు యు నో వై హి లెఫ్ట్’ చివర ఉంటుందని ఒక్కసారి చెబితే సరిపోయింది. నౌన్ క్లాజ్ సబ్జెక్ట్‌గా రావడం మాత్రం ఆమెకు కొత్త. ‘మాకు కావాల్సింది ఇంకో రెండు రోజులు’ అనడానికి ‘ద థింగ్ విచ్ వి ఆర్ నీడింగ్’ అంటూ చుట్టూ తిరిగేది. ‘వాట్ వి నీడ్ ఈజ్ టూ మోర్ డేస్’ చూపించగానే, ఇందులో ‘వాట్’ ఏమీ అడగడం లేదు కదా అని ఆశ్చర్యపోయి, ఆ వారం మెయిళ్లన్నీ ‘వాట్’తోనే మొదలుపెట్టింది. కొంచెం తగ్గించమని నేనే చెప్పాల్సి వచ్చింది.

పదో వారం

మూడో రికార్డింగ్‌లో చిన్న వాక్యాలు దాదాపు అన్నీ కుదిరాయి. ‘దట్ ఐ విల్’ గొడవ మెయిళ్లలో మళ్లీ రాలేదు. ఫోన్‌లో తొందర పడినప్పుడు ‘దట్ వెన్’ అప్పుడప్పుడూ తొంగిచూస్తోంది. ఇంకా తప్పుతున్నది సబ్జెక్ట్ పొడుగైనప్పుడు: ‘కుడ్ యు టెల్ మి వేర్ ఈజ్ ద రిపోర్ట్ యు సెంట్ లాస్ట్ వీక్?’ ఇక్కడ ఆమెను గట్టిగా తప్పుపట్టలేను. సరైన వరుసలో పెడితే అంత పొడుగు సబ్జెక్ట్ తర్వాత చివర ‘ఈజ్’ ఒంటరిగా వేలాడుతుంది. అందుకే దాన్ని రెండుగా విరిచేయమన్నాను. ముందు రిపోర్ట్ దొరకడం లేదని ఒక వాక్యం, తర్వాత అది ఎక్కడుందో తెలుసా అని ఇంకో వాక్యం.

మర్నాడే అలాంటి మెయిల్ పంపి, దాన్ని నాకూ చూపించింది. మొదటి వాక్యం బాగుంది: ‘ఐ కాంట్ ఫైండ్ ద రిపోర్ట్ యు సెంట్ లాస్ట్ వీక్.’ రెండోది: ‘డు యు నో వేర్ ఇట్స్?’

‘ఇట్ ఈజ్’ని చివర్లో అలా కుదించకూడదని నేను ఎప్పుడూ చెప్పలేదు, చెప్పాల్సి వస్తుందని కూడా అనుకోలేదు. తర్వాతి క్లాసుకు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. వరుస మాత్రం సరిగ్గానే ఉంది.